బోర్లించిన కుండ

ఆ ఆదివారం పైడయ్య చేతిలో ఉన్నది పాత కుండ అని యోగేశ్వరి చూసింది. చూసి కూడా ఎందుకు ఊరుకుంది? ఎన్ని వైపుల నుంచి అడిగి చూసినా ఈ ప్రశ్నకు జవాబు రావడం లేదు. పదిమంది ముందు నామోషీ అనుకోవచ్చు. అలవాటు కళ్ళకు గంతలు కట్టిందని సరిపెట్టుకోనూ వచ్చు. ఏ మాటా చివరిదాకా నిలబడదు.

పైడయ్య ఎవరో ముందు చెప్పాలి. కౌలాలంపూర్‌కు ఉత్తరాన, సుంగై సుమున్ అనే ఊరు దాటి పెద్ద కాలువ గట్టు వెంట లోపలికి పోతే ఒక పాత కొబ్బరి ఎస్టేటు ఉంది. చుట్టూ ఉన్నవన్నీ ఎప్పుడో పామాయిల్ తోటలైపోయినా, వారసుల తగాదాల పుణ్యమా అని ఇదొక్కటి అలాగే మిగిలింది. కూలీలు క్లాంగ్ పట్నానికో మరో చోటికో తరలిపోయారు. వాళ్ళ లైను ఇళ్ళ కప్పులు ఒక్కొక్కటే కూలాయి. ఆ వరసలో చివరి ఇల్లు పైడయ్యది. ఇంటి మీదికి వంగిన కొబ్బరిచెట్లు, ఆ చెట్ల మీద అతని బతుకు. అతని తాత విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన గీతమనిషి. తాత పుట్టిన ఊరి పేరు పలకమంటే పైడయ్యకు నోరు తిరిగేది కాదు గాని, చెట్టు కట్టుబాట్లలో ఒక్కటీ మరవలేదు. చెట్టు మీదున్న మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. దించిన కల్లు కుండలోంచి మొదటి ముంత చెట్టు మొదట్లో పొయ్యాలి, ఆ తర్వాతే మనిషి నోట్లోకి.

పొట్టి మనిషి. పాదాల మీది చర్మం కొబ్బరి బెరడులాగే గట్టిపడిపోయింది. గుండెల మీద అక్షరాలుంటే నచ్చదని, ఎవరెవరో ఇచ్చిన బనియన్లన్నీ తిరగేసి తొడుక్కునేవాడు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. మాటలన్నీ భార్య నూకమ్మకు వదిలేశాడు. ఎవరేం అడిగినా ఆవిడే జవాబు చెప్పేది. నిరుడు నూకమ్మ పోయాక అతనికొక కొత్త అలవాటు వచ్చింది. ఎవరైనా పలకరిస్తే వెంటనే బదులు చెప్పడు. కాస్త ఆగుతాడు, పక్క నుంచి ఆవిడ అందుకుంటుందేమో అన్నట్టు. అప్పటికీ ఎవరూ అందుకోకపోతే తనే నోరు తెరుస్తాడు. పిల్లలు లేరు. దగ్గరి చుట్టమంటూ మిగిలింది అక్క కూతురు యోగేశ్వరి ఒక్కతే.

యోగేశ్వరి పుట్టింది కూడా ఆ లైనులోనే. పెళ్ళయి క్లాంగ్ వెళ్ళింది. రబ్బరు తొడుగుల కంపెనీ ఆఫీసులో పనిచేసింది. ఉద్యోగం అయిపోయాక ఊరికే కూర్చోలేని మనిషి. ఒకరోజు ఫోనులో ఏదో చలిదేశపు వీడియో చూసింది. బస్సు దిగిన జనం ద్రాక్షతోటల మధ్య గ్లాసులు పట్టుకుని తిరుగుతున్నారు. ఈ గ్లాసు ఈ కొండవాలుది, ఆ గ్లాసు ఆ ఏటిగట్టుది అని ఒకమ్మాయి వివరిస్తుంటే అందరూ గుడిలో తీర్థం పుచ్చుకున్నంత భక్తిగా చప్పరిస్తున్నారు. మన కల్లుకేం తక్కువ అనుకుంది యోగేశ్వరి. అలా మొదలైంది ఆదివారాల కల్లుసీమ యాత్ర. పొద్దున క్లాంగ్‌లో వ్యానెక్కడం, హుటాన్ మెలింటాంగ్‌లో ఏటి ఒడ్డున చేపల భోజనం, సుంగై సుమున్‌లో లైసెన్సున్న కల్లుకొట్టులో రుచులు, చివరికి ఎస్టేటులో పైడయ్య చెట్టెక్కి కల్లు దించడం.

కొన్ని వారాలు గడిచాక యాత్రకు ముగింపు చాల్లేదనిపించిందామెకు. అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు విన్న చెట్టు వదిలే తంతు. ఇక ఎక్కలేననుకున్న గీతమనిషి ఆఖరిసారి దించిన కుండలోంచి మొదటి గుక్క తనే తాగుతాడు. బతుకంతా చెట్టుకు ముందు పోసినవాడు ఆ ఒక్కనాడు తను ముందు పుచ్చుకుంటాడు. మిగిలిందంతా వేళ్ళకు పోసి, కుండను చెట్టు మొదట్లో బోర్లించి, నడుముకు చుట్టుకునే మోకుతాడు దాని మీద పెట్టి నడిచిపోతాడు. ఎవరికీ చెప్పడు. వెనక్కి చూడడు. వెనక నుంచి ఎవరూ పిలవకూడదు. ఆ రాత్రి నుంచి ఆ చెట్ల నీడన కన్ను ముయ్యకూడదు. పూర్వం వేరే ఎస్టేటులో కొడుకో కూతురో ఉండేవారు కాబట్టి, బొంత చంకన పెట్టుకుని అక్కడికి పోయేవారు.

యోగేశ్వరి అడిగిన రోజున పైడయ్య మొహం మాడ్చుకున్నాడు.

“యోగీ, అది ఆటకి సేసేది కాదే. మా అయ్య ఒక్కపాలే సేసినాడు. అదైనా ఏడుసుకుంట సేసినాడు.”

“ఆట కాదు మావా, సూపించడం. మన పిల్లలకే తెలవదు. సూత్తే గదా తెలిసేది లా,” అంది యోగేశ్వరి, అక్కడి వాళ్ళ ఊతపదం చివర తగిలించి.

నూకమ్మ అప్పుడు బతికే ఉంది. బియ్యం చెరుగుతూ నవ్వింది. “ఒలే యోగీ, నీ మావని సర్కస్సులో ఎడతావేటి? ఎట్టు, నాకేటి! ఆదోరం ఇంట్లో ఉంటే మాటాడకుండా కూకొని నా పేనం తీత్తాడు.”

పైడయ్య చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. “కుండ కొత్తది. లోపల నీల్లు. నోట్లో ఎయ్యను, ఊరికే ఆనించుతాను. అప్పుడు సెట్టుకి తెలుత్తాది, ఇది ఉత్తిదని.”

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే జరిగేది. దించిన కల్లు కుండ పక్కన పెట్టేశాక, ఎర్రగా మెరిసే కొత్త కుండ, దాన్నిండా నీళ్ళు. పైడయ్య కుండ బోర్లించి, కొబ్బరి ఎండబెట్టే పాత షెడ్డు దాకా బరువుగా నడిచేవాడు. షెడ్డు దగ్గర గిరుక్కున తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెనక్కి వచ్చేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు, వీడియోలు తీసి నెట్‌లో పెట్టేవారు. నూకమ్మ అందరికీ టీ ఇచ్చేది. ఆవిడ పోయాక టీ పని యోగేశ్వరి మీద పడింది. నడక, నవ్వు, చప్పట్లు మాత్రం మారలేదు.

ఈమధ్య ఒక ఆదివారం టీ గ్లాసు పైడయ్య ఎడమచేతిలోంచి జారి పడింది. పడిన గ్లాసును కాక, ఆ చేతిని చూశాడతను, ఎవరిదో పరాయివాళ్ళ చెయ్యి తన ఒంటికి అతికించినట్టు. యోగేశ్వరి గాజుముక్కలు ఏరుతూ, “మావా, ఆసుపత్రికి ఎల్దామా?” అంది.

కాస్త ఆగి, “ఎల్దాం లే. వానలు తగ్గనీ,” అన్నాడు.

“ఈ సెయ్యితో సెట్టెక్కుతున్నావా?”

“మరి నీ బండి నిండా వచ్చినోల్లకి ఎవుడు ఎక్కి సూపిత్తాడు?”

ఆమె గాజుముక్కలు బయట పారబోసి వచ్చింది. ఎక్కొద్దు అనడానికి నోరు రాక కాదు. ఎక్కొద్దంటే చెట్టు వదలమనడం. చెట్టు వదిలితే ఆ ఇంట్లో ఉండలేడు. మరెక్కడికి పోతాడు? మా ఇంటికి రా మావా అనాలి. క్లాంగ్‌లో తన ఫ్లాటులో ఒక గది ఉంది. యాత్ర సామానుతో, పాత బట్టలతో నిండిపోయి ఉంది. ఖాళీ చేయించి అప్పుడు చెబుదాం అనుకుంది. ఈలోగా చెట్టు మీద ఆ చెయ్యి పట్టు తప్పితే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా రేడియో గొంతు పెంచేది.

చివరి ఆదివారం వ్యాన్లో ఎనిమిదిమంది. అందులో హైదరాబాద్ నుంచి వచ్చి కౌలాలంపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకుంటున్న జంట, ప్రణీత్, అనూహ్య. ముందు సీట్లో డ్రైవరు కుగన్. యోగేశ్వరి మైకు పట్టుకుని, టీవీ సీరియళ్ళు చూసి నేర్చుకున్న తెలుగులో చెట్టు వదిలే తంతు వివరించింది. ఆ రాత్రి నుంచి ఆ నీడన నిద్రపోకూడదు అనేసరికి ప్రణీత్ చెయ్యెత్తాడు.

“మరి అంకుల్ ఎక్కడ పడుకుంటడు ఆంటీ? హోటల్ బుక్ చేయాల్నా?”

అందరూ నవ్వారు. యోగేశ్వరి కూడా నవ్వింది. ఎవరో ఒకరు ప్రతి వారం అడిగే ప్రశ్నే. ప్రతి వారం చెప్పే జవాబే చెప్పింది. “క్లాంగ్‌లో మా ఇల్లు లేదా అండీ? ఆయన నాకు సొంత మేనమామ.”

చెప్పి మైకు ఒళ్ళో పెట్టుకుంది. ఇంతమందికి ఇన్ని వారాలుగా మైకులో చెప్పిన మాట, ఆ మనిషికి ఒక్కసారీ చెప్పలేదు. ఎస్టేటులో కూడా ఆమె ఇదే మాట వచ్చినవాళ్ళకు చెబుతుంటే, అతను పక్కనే నిలబడి వింటూ ఉండేవాడు. ఆగి వినేవాడు, తనతోనూ అంటుందేమో అన్నట్టు.

భోజనాలయ్యాయి. కల్లుకొట్టులో గ్లాసులు వరసగా పెట్టి, పొద్దున దించిన తియ్యకల్లు, పొద్దెక్కాక పులిసింది, నిన్నటిది అని యోగేశ్వరి ఒక్కొక్కటే రుచి చూపించింది. అనూహ్య నిన్నటి గ్లాసు వాసన చూసి ముక్కు మూసుకుంది.

“అమ్మో, మా నానమ్మ ఊరిలో ఈతకల్లు తాగిన గాని, ఇది వేరే లెవెల్ ఆంటీ!”

“అది మగవాళ్ళు బాకీలు మర్చిపోవడానికి తాగేది,” అంది యోగేశ్వరి. ఇది కూడా ప్రతి వారం చెప్పే జోకే.

వ్యాను కాలువ గట్టెక్కేసరికి ఏటి వైపు ఆకాశం నల్లబడుతోంది. గట్టు పొడవునా సూపులోకి అమ్మే పిట్టగూళ్ళ కోసం కట్టిన కిటికీలు లేని సిమెంటు మేడలు. పిట్టలను రప్పించడానికి వాటి మీది స్పీకర్లు పొద్దస్తమానం పిట్టల కూతలు కూస్తూనే ఉంటాయి. ఆ రోజు ఆకాశంలో ఒక్క పిట్ట లేదు. కూతలు మాత్రం వినిపిస్తున్నాయి.

“యక్కా, మళై వచ్చేలాగుంది. బేగి కానియ్,” అన్నాడు కుగన్ తమిళం కలగలిపి, వానమబ్బు వైపు చూస్తూ.

పైడయ్య చెట్టు కింద నిలబడి ఉన్నాడు. తిరగేసిన బనియను లేదు. నూకమ్మ దినం నాడు వేసుకున్న తెల్లచొక్కా తొడుక్కున్నాడు, బొత్తాలు మెడ దాకా పెట్టుకున్నాడు. ఇంటి తలుపు మూసి ఉంది. గుమ్మం ముందు ఎప్పుడూ కాళ్ళకు అడ్డం పడే కోళ్ళు కనబడలేదు.

“కోల్లేవి మావా?”

కాస్త ఆగాడు. “ఇచ్చేసినాను.”

“ఎవులికి?”

“అడిగినోల్లకి.”

ఇంకేదో అడగబోయింది. వెనక నుంచి ప్రణీత్, “అంకుల్, ఇటు చూడండి, ఒక ఫొటో!” అన్నాడు. పైడయ్య అటు తిరిగాడు. యోగేశ్వరి పక్కకు జరిగి ఫొటోకు చోటిచ్చింది.

అతను ఎక్కింది ఎప్పుడూ ఎక్కి చూపించే పొట్టి చెట్టు కాదు. దాని వెనక, తండ్రి అతనికి మొదట అప్పగించిన చెట్టు ఒకటుంది. పొడుగ్గా, కాలువ వైపు ఒరిగి ఉంటుంది. జనాన్ని దాని దగ్గరికి ఎప్పుడూ తీసుకుపోలేదతను. ఆ రోజు తిన్నగా అటే నడిచాడు. జనం వెనకే నడిచారు. మోకు చుట్టుకున్నాడు, కత్తి నడుముకు దోపుకున్నాడు, బెరడులో నరికిన గాట్లలో మడమలు ఆనించి లేవడం మొదలుపెట్టాడు.

సగం దాటాక ఎడమచెయ్యి జారింది.

ఒంటిచేత్తో, మోకుతాడు ఆసరాతో చెట్టుకు అంటుకుపోయి ఉండిపోయాడు. కింద జనం అది విద్యలో భాగమనుకుని ఫోనులు ఇంకా పైకెత్తారు. యోగేశ్వరి పెదాలు విడిపోయాయి. చెట్టు మీదున్న మనిషిని పిలవకూడదు. పళ్ళు బిగించి నిలబడింది. పైన చెయ్యి మెల్లగా బెరడును వెతుక్కుంది, పట్టుకుంది. మట్టల మధ్యకు పోయి కనుమరుగయ్యాడు. గీతకత్తి చప్పుడు వినబడలేదు. ఎప్పుడూ వినిపించేది, పువ్వుపొత్తి కొసను పలచగా చెక్కే చప్పుడు. అది కొయ్యకపోతే రేపటికి కల్లు ఊరదు. ఆ రోజు పైన అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సిమెంటు మేడల మీది పిట్టలు కూస్తూనే ఉన్నాయి.

దిగి వచ్చాక, ఎప్పటిలా పక్కన పెట్టకుండా అతను చేతిలోనే ఉంచుకున్న కుండ చూసింది యోగేశ్వరి. నల్లటి కుండ. మెడ చుట్టూ ఏళ్ళ తరబడి తాడు ఒరుసుకున్న గాడి. అంచున నురగ. తేనెటీగలు దాన్ని వదలకుండా వెంట దిగి వచ్చాయి. నీళ్ళ కుండ మీద ఏనాడూ ఒక్క ఈగ వాలలేదు.

ఎర్ర కుండ ఎక్కడుందోనని కళ్ళతో వెతికింది. గుమ్మం పక్కన, ఎప్పటి చోటనే ఉంది. ఎండిపోయి ఉంది.

అప్పుడే అనాల్సింది. ఆగు మావా అంటే చాలు. పైడయ్య కుండను రెండు చేతులా పైకెత్తి చెట్టుతో అన్నాడు, జనంతో కాదు: “ఇన్నాల్లూ నీకు ముందు పోసినాను. ఈయేల నాను ముందు.”

గుటక వేశాడు. గొంతు కదలడం అందరికీ కనిపించింది.

అనూహ్య ఫోను దించకుండానే గుసగుసలాడింది. “ఆంటీ, వీడియోల అంకుల్ ఊరికే యాక్టింగ్ చేస్తడు కదా? ఇయ్యాల నిజంగ తాగిండు! మన కోసం స్పెషలా?”

యోగేశ్వరి తలూపింది. ఎందుకు ఊపిందో తెలీదు.

మిగిలిన కల్లు వేళ్ళ మీద తెల్లగా పారింది, నేల నురగలు కక్కుతూ తాగేసింది. కుండ బోర్లించాడు. తేనెటీగలు కాసేపు దాని చుట్టూ తిరిగి, మూతి ఎక్కడుందో తెలియక లేచిపోయాయి. మోకుతాడు చుట్టగా చుట్టి కుండ మీద పెట్టాడు. కత్తి తీసి, అది కూడా పెట్టాడు. ఆదివారాల ఆటలో కత్తి ఎప్పుడూ నడుముకే ఉండేది.

అప్పుడతను యోగేశ్వరి వైపు చూశాడు.

అదే చూపు. ఎవరైనా అందుకుంటారేమోనని ఆగే చూపు. ఈసారి చాలాసేపు ఆగాడు. మా ఇంటికి రా మావా అనే మాట ఆమె నాలుక మీదికి వచ్చి నిలబడింది. ఎనిమిదిమంది ఆమె మొహం వైపే చూస్తున్నారు. ఆమె నోరు తెరిచింది. ప్రతి ఆదివారం ఆ క్షణంలో చెప్పే మాటే బయటికి వచ్చింది.

“చూశారా అండీ. ఇప్పుడాయన వెళ్ళిపోతారు. ఇంక వెనక్కి తిరగరు.”

పైడయ్య మెల్లగా తలాడించాడు, సరే అన్నట్టు. తిరిగాడు. నడక మొదలుపెట్టాడు.

ఆటలో బరువుగా, ఊగుతూ నడిచేవాడు. ఇప్పుడు మామూలుగా, సంతకు పోయేవాడిలా నడుస్తున్నాడు. తెల్లచొక్కా చేతుల మీద బెరడు మరకలు. మొదటి చినుకులు కొబ్బరి మట్టల మీద పడ్డాయి. కుగన్ వ్యాను అద్దాలెత్తాడు. ప్రణీత్ చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుని షెడ్డు వైపు చూస్తున్నాడు. వీడియోల్లో చూసిన వాళ్ళందరికీ తెలుసు, అక్కడ గిరుక్కున తిరుగుతాడని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతాడని.

షెడ్డు దగ్గర పైడయ్య ఆగలేదు.

యోగేశ్వరి రెండడుగులు ముందుకు వేసింది. “మా—” అంది.

అనూహ్య ఆమె మోచెయ్యి పట్టుకుంది. కళ్ళు మెరుస్తున్నాయి ఆ పిల్లకు. నిజంగానే మనసుకు పట్టింది తంతు. “ష్, ఆంటీ! వెనక నుంచి పిలవద్దని మీరే చెప్పిన్రు కదా.”

అందరూ శ్రద్ధగా, మర్యాదగా నోరు మూసుకుని నిలబడ్డారు. వాన చప్పుడు పెరిగింది. మేడల మీది పిట్టలు వానను లెక్కచెయ్యకుండా కూస్తున్నాయి. షెడ్డు అవతల కాలువ గట్టు ఒకటే దారి. ఒక కొస రోడ్డుకు పోతుంది, రెండో కొస ఏటికి. గట్టు మీదికి ఎక్కేటప్పుడు పైడయ్య ఎడమచెయ్యి పక్కన ఉత్తినే వేలాడుతోంది. కుడిచేత్తో గడ్డి పట్టుకుని ఎక్కాడు. ఒక్క క్షణం నిటారుగా నిలబడ్డాడు, ఎటు పోవాలో చూసుకుంటున్నట్టు. వీపు ఇటే ఉంది.

తర్వాత ఏటి వైపు తిరిగి, వానలోకి నడిచి వెళ్ళిపోయాడు.